నాన్నకి రెండేళ్ళు శిక్ష పడింది, అప్పీలుకి ఇంకా పదకొండు రోజులే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉద్దానం అమ్మాయి · నవంబరు 25, రాత్రి 10:40

నమస్కారం అండీ. మాది ఉద్దానం, మందస దగ్గర ఒక ఊరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కోర్టు విషయాలు నాకు తెలియవు, తప్పుగా రాస్తే సరిచెయ్యండి.

ఈ నెల 6న మేజిస్ట్రేటు కోర్టులో మా నాన్నకి ఐపీసీ 326 (ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం) కింద రెండేళ్ళ కఠిన జైలు, 5 వేల జరిమానా వేశారు. జరిమానా ఆ రోజే కట్టేశాం. ఇద్దరు జామీను ఉంటే శిక్షని 30 రోజులు ఆపి నాన్నని ఇంటికి పంపారు. ఆ గడువు డిసెంబరు 6తో అయిపోతుంది.

జరిగింది చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటల్ని ఊడ్చేసింది. మాకూ పక్క తోటకీ మధ్య హద్దు అంటే మూడు ముసలి జీడిచెట్లు, మా తాత నాటినవి. ఆ రోజు మూడూ వేళ్ళతో సహా లేచిపోయాయి. పక్క తోట మా నాన్నకి వరసకి తమ్ముడిది, మేం చిన్నాన్న అంటాం. తరవాతి ఏడాది జూన్‌లో ఆయన కొత్త మొక్కలకి గోతులు తీయించారు. నాలుగడుగులు మా వైపు వచ్చేశారని నాన్న వెళ్ళి అడిగారు. నేను నాన్నకి చోడి అంబలి పట్టుకెళ్ళాను, అక్కడే ఉన్నాను. మాటామాటా పెరిగింది. చిన్నాన్న పార తిరగేసి దాని కామతో నాన్న తల మీద కొట్టారు. నాన్న ఆ పార లాక్కుని తిరిగి కొట్టారు. ఒక్క దెబ్బ. ఆయన ఎడమ ముంజేతి ఎముక విరిగింది.

నాన్న కొట్టలేదని నేను అనను. కానీ ముందు ఎవరు కొట్టారన్నది జడ్జిమెంటులో లేదు. నాన్న తలకి నాలుగు కుట్లు పడ్డాయి. పెద్దమనుషులు రాజీ చేస్తామంటే నమ్మి మేం కేసు పెట్టలేదు, చిన్నాన్న పెట్టారు. సాక్ష్యం చెబుతానని నేను అడిగాను. కూతురు చెబితే ఎవరు నమ్ముతారమ్మా అని మా లాయరు గారు వద్దన్నారు. ఆరేళ్ళు వాయిదాలకి తిరిగాం.

ఇప్పుడు ఆ లాయరు గారు ఫోన్ ఎత్తడం లేదు. నిన్న ఇంటికి వెళ్తే, మిగతా ఫీజు 15 వేలు కడితేనే కేసు కట్ట ఇస్తానన్నారు. మా దగ్గర అంత లేదు. ఈ ఏడాది జీడిపిక్కల డబ్బు నాన్న మందులకే అయిపోయింది. నాన్నకి కిడ్నీ జబ్బు, మొన్నటి టెస్టులో క్రియాటినిన్ 4.2 వచ్చింది. జైల్లో పెడితే ఆయన ఉండలేరు అన్న టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

అప్పీలు ఎక్కడ వెయ్యాలి? అమరావతి వెళ్ళాలా? పాత లాయరు గారు ఒప్పుకోకపోతే వేరే వాళ్ళని పెట్టుకోవచ్చా? అప్పీలు వేస్తే శిక్ష పెంచేస్తారని ఊళ్ళో ఒకరు అన్నారు, నిజమేనా? దయచేసి ఎవరైనా చెప్పండి.

---

నాగావళి ఒడ్డు · నవంబరు 25, రాత్రి 11:55

అమ్మా, నేను శ్రీకాకుళంలో క్రిమినల్ కేసులు చేసే అడ్వకేటుని. ముందు ఒక మాట: పదకొండు రోజులు తక్కువేమీ కాదు. కానీ రేపటి నుంచి ఒక్క రోజు కూడా పోనివ్వకండి.

అమరావతి వెళ్ళక్కర్లేదు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద అప్పీలు జిల్లా సెషన్స్ కోర్టులో, అంటే శ్రీకాకుళంలోనే. గడువు 30 రోజులు. హైకోర్టుకి వెళ్ళే అప్పీళ్ళకి 60 రోజులు ఉంటుంది, దాన్ని చూసి పొరబడకండి. ఒకవేళ గడువు దాటినా, ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కోర్టు క్షమించవచ్చు. కానీ మీ విషయంలో అసలు చిక్కు అది కాదు. నాన్నగారి శిక్షని ఆపింది కింది కోర్టు, అదీ 30 రోజులకే. ఆ లోపల అప్పీలు వేసి, శిక్ష నిలుపుదల పిటిషన్ కూడా వేసి, సెషన్స్ కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది సెక్షన్ 389, దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 430. ఆర్డరు లేకుండా గడువు దాటితే ఆయన లొంగిపోవాల్సిందే. కిడ్నీ రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ ఆ పిటిషన్‌కి జత చెయ్యండి. రెండేళ్ళ శిక్ష, ఇన్నేళ్ళూ బెయిల్ మీద ఉండి వాయిదా తప్పని మనిషి. అలాంటి వారికి సాధారణంగా ఆపుతారు.

శిక్ష పెంచుతారన్నది అబద్ధం. ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచే అధికారం ఆ కోర్టుకి లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వెయ్యాలి. ఈ భయంతోనే ఎంతోమంది అప్పీలు మానేసి జైలుకి వెళ్ళడం నేను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

లాయరుని మార్చడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. అప్పీలు అంటే కొత్త కోర్టులో కొత్త కేసు, కొత్త వకాలత్ చాలు. ఇక కట్ట విషయం. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. గొడవ పడకండి, ఈ మాట మర్యాదగా చెప్పి అడగండి. ఇవ్వకపోతే వదిలెయ్యండి. దానికోసం రోజులు పోగొట్టుకోవద్దు. జైలు శిక్ష పడ్డవారికి జడ్జిమెంటు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలని చట్టం. అది మీ చేతికి వచ్చి ఉండాలి. మిగతా వాటికి కోర్టులోనే కాపీ అప్లికేషన్ పెట్టండి: సాక్షుల వాంగ్మూలాలు, గాయాల సర్టిఫికెట్, ఎఫ్ఐఆర్, సెక్షన్ 313 కింద కోర్టు నాన్నగారిని అడిగిన ప్రశ్నలు.

డబ్బు ఇబ్బంది అయితే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. నాన్నగారి ఆదాయ ధ్రువపత్రం పట్టుకెళ్ళి అప్లికేషన్ ఇవ్వండి. అక్కడ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఉంటారు, అప్పీళ్ళు కూడా చేస్తారు. 15100 కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఉచితం కదా, ఏదో మొక్కుబడిగా చేస్తారని అనుకోకండి. మా దగ్గర వాళ్ళు బాగా చదివి వాదించిన కేసులు నాకు తెలుసు.

రెండు ప్రశ్నలు. డాక్టరు సాక్ష్యంలో ఎక్స్‌రే ఫిల్మ్ కోర్టులో దాఖలు చేశారా? నాన్నగారి తల గాయం గురించి కోర్టు కాగితాల్లో ఎక్కడైనా, ఒక్క ముక్కైనా ఉందా?

---

గంటస్తంభం · నవంబరు 26, ఉదయం 6:20

విజయనగరంలో కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. లాయరు గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. కాపీ అప్లికేషన్ ఈరోజే పెట్టమ్మా. కాపీ వెనకాల తారీఖులు వేస్తారు: అప్లికేషన్ ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది. జడ్జిమెంటు సర్టిఫైడ్ కాపీ కోసం ఎదురుచూసిన రోజులు అప్పీలు గడువులోంచి తీసేసి లెక్కపెడతారు. కానీ స్టాంపులు అడిగాక నువ్వు ఆలస్యంగా కడితే ఆ ఆలస్యం నీ ఖాతాలోకే. నోటీసు బోర్డు రోజూ చూడాలి. నా సర్వీసులో ఎంతమంది ఊరికే పోగొట్టుకున్నారో ఈ చిన్న విషయం తెలియక. అప్లికేషన్ మీద "అర్జంట్" అని రాసి, శిక్ష నిలుపుదల గడువు తారీఖు కూడా రాయి.

---

ఉద్దానం అమ్మాయి · నవంబరు 28, రాత్రి 9:15

అందరికీ దణ్ణాలు. పాత లాయరు గారికి ఆ సుప్రీంకోర్టు మాట చెప్పాను. ఏమీ అనలేదు. మొన్న సాయంత్రమే గుమస్తా చేత కట్ట పంపించారు. జడ్జిమెంటు కాపీ కూడా అందులోనే ఉంది, ఇన్నాళ్ళూ మాకు ఇవ్వలేదు.

రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. వాంగ్మూలాలు తెలుగులోనే ఉన్నాయి. డాక్టరు గారిది ఒకటిన్నర పేజీ. ఎముక విరిగింది, తీవ్ర గాయం అని చెప్పారు. ఎక్స్‌రే తీయించాను అన్నారు, కానీ ఫిల్మ్‌కి నంబరేమీ వెయ్యలేదు, చివర ఉన్న పట్టికలో కూడా అది లేదు. ఆ పేజీ అడుగున "క్రాస్ ఎగ్జామినేషన్: నిల్" అని ఉంది. అంటే మా తరఫున ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్నమాట. ఆ రోజు నాన్న కోర్టులోనే ఉన్నారు. నేను బయట వరండాలో ఉన్నాను. అయిపోయింది రండి అని మా లాయరు గారు చెబితే బస్సెక్కి ఇంటికి వచ్చేశాం.

కానీ ఇంకొకటి దొరికింది. రెండో సాక్షి, గోతులు తీసిన కూలీ. ఆయన క్రాస్‌లో నాలుగో లైను ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "గొడవ అయిన తరువాత ముద్దాయి తల నుండి రక్తము కారుట నేను చూసినాను. అది ఎట్లు తగిలినదో నాకు తెలియదు." జడ్జిమెంటు పదకొండు పేజీలు మూడుసార్లు చదివాను. ఈ మాట ఎక్కడా లేదు.

ఇంట్లో వెతికితే నాన్న ఆసుపత్రి చీటీ కూడా దొరికింది, పట్టాదారు పాసు పుస్తకంలో మడిచి పెట్టి ఉంది. మడత దగ్గర చిరిగింది, ఇంకు వెలిసిపోయింది. తారీఖు, ఓపీ నంబరు తెలుస్తున్నాయి. మధ్యాహ్నం 12:10 అని టైము, కుట్లు 4 అని ఉంది. చిన్నాన్న గాయాల సర్టిఫికెట్‌లో టైము 12:40. ఒకే ఆసుపత్రి, ఒకే రోజు. ఇది పాత లాయరు గారికి అప్పుడే చూపించామని నాన్న అంటున్నారు.

---

నాగావళి ఒడ్డు · నవంబరు 28, రాత్రి 11:30

అమ్మా, ఆ నాలుగో లైను కింద పెన్సిల్‌తో గీత గియ్యి. మీ అప్పీలుకి ప్రాణం అదే.

ఎందుకంటే అప్పీలు అంటే కేసు మళ్ళీ మొదటి నుంచి నడపడం కాదు. రికార్డులో ఉన్నదాన్నే పై జడ్జి మళ్ళీ తూకం వేస్తారు. బయట ఎంత నిజమున్నా రికార్డులో లేకపోతే దానికి బలం తక్కువ. ఈ మాట రికార్డులో ఉంది, పైగా ప్రాసిక్యూషన్ తెచ్చుకున్న సాక్షి నోట వచ్చింది. ముద్దాయి ఒంటి మీద గాయం ఎలా వచ్చిందో ప్రాసిక్యూషన్ చెప్పకపోతే వాళ్ళ కథనాన్ని అనుమానించవచ్చని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న గీతలకి అది వర్తించదు. నాలుగు కుట్లు చిన్న గీత కాదు. కింది కోర్టు ఆ మాటని పట్టించుకోకపోవడమే మన మొదటి గ్రౌండ్.

చీటీ విషయం. అప్పీలులో అదనపు సాక్ష్యం తీసుకోవడానికి వీలుంది, పాత 391, కొత్త 432. అంత తేలిగ్గా ఒప్పుకోరు, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడుగుతారు. అందుకని చీటీ ఒక్కటే ఇవ్వకుండా ఆసుపత్రి రిజిస్టరు తెప్పించమని అడగండి. చీటీ ఎవరైనా రాసుకోవచ్చు అనగలరు, రిజిస్టరుని అలా అనలేరు. పాత రిజిస్టర్లు ఎల్లకాలం ఉంచరు, కాబట్టి రేపే ఆసుపత్రిలో సమాచార హక్కు కింద ఒక అర్జీ కూడా పెట్టండి.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పార లాక్కున్న తరవాత కొట్టిన దెబ్బ ఆత్మరక్షణ అవుతుందా అని జడ్జి తప్పకుండా అడుగుతారు. ఆయుధం చేతిలోకి వచ్చాక ప్రమాదం ఇంకా ఉన్నట్టా? పూర్తిగా నిర్దోషి అని బయటకి వస్తారని నేను మాటివ్వను. అలా మాటిచ్చే లాయరు దగ్గరికి వెళ్ళకండి. కానీ మెట్లు ఉన్నాయి. తల మీద దెబ్బ తిన్న మనిషి ఆ క్షణాన తిరిగి కొడితే, అది ఆకస్మికంగా రెచ్చిపోయి చేసిన పని, సెక్షన్ 335, గరిష్ఠ శిక్ష నాలుగేళ్ళు. పార కామ ప్రాణాపాయం కలిగించే ఆయుధమా? కాదంటే 326 నిలవదు, 325కి, అంటే అలాంటి ఆయుధం లేకుండా చేసిన తీవ్ర గాయానికి దిగుతుంది. ఎక్స్‌రే రికార్డులో లేకుండా ఎముక విరిగిందని ఎలా తేల్చారు? తీవ్ర గాయం రుజువు కాలేదంటే ఇంకా కిందికి దిగుతుంది.

దిగడం వల్ల ఏం లాభమంటారా? 326కి గరిష్ఠంగా యావజ్జీవం ఉంది. యావజ్జీవం ఉన్న నేరాలకి ప్రొబేషన్ చట్టంలోని సెక్షన్ 4, అంటే జైలుకి బదులు బాండు మీద వదిలిపెట్టే వీలు, వర్తించదు. ఈ మేజిస్ట్రేటు రెండేళ్ళే వేసినా సరే, వర్తించదు. 326 నుంచి కిందికి దిగిన మరుక్షణం ఆ తలుపు తెరుచుకుంటుంది. అరవై దగ్గర పడుతున్న రైతు, జబ్బు మనిషి, ఇంతకు ముందు ఏ కేసూ లేదు. మంచి ప్రవర్తన బాండు మీద ఇంటికి పంపమని అడగవచ్చు. 325 అయితే అప్పీలు కోర్టు అనుమతితో రాజీ కూడా కుదురుతుంది. మీ చిన్నాన్నతో మాటలున్నాయా?

---

బొబ్బిలి కోట · నవంబరు 29, ఉదయం 7:05

చెల్లెమ్మా, నేను లాయరుని కాదు, లారీ ఓనరుని. మా తమ్ముడికి యాక్సిడెంట్ కేసులో, 304-ఏ, ఒక ఏడాది పడింది. విజయనగరంలో అప్పీలు వేశాం. నాలుగేళ్ళు నడిచింది. శిక్ష ఆపారు కదా అని మేం నిశ్చింతగా కూర్చున్నాం. మా తప్పు అదే. ప్రతి వాయిదాకీ మా లాయరు వెళ్తున్నాడో లేదో చూడలేదు. చివరికి మా తరఫున వాదన సరిగా జరగకుండానే తీర్పు వచ్చింది. లాయరు రాలేదని అప్పీలు ఊరికే కొట్టెయ్యకూడదట, రికార్డు చదివి తేల్చాలట, 1996లో బానీ సింగ్ కేసులో చెప్పారని తరవాత తెలిసింది. జడ్జి గారు చదివే తేల్చారు, తప్పు పట్టను. కానీ మన మాట మనవాళ్ళు నిలబడి చెప్పడం వేరు కదా.

తీర్పు రోజు తమ్ముడిని అక్కడి నుంచి అక్కడే తీసుకెళ్ళిపోయారు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. మొదట సబ్ జైలు, తరవాత విశాఖ సెంట్రల్ జైలు. హైకోర్టులో రివిజన్ వేసి శిక్ష ఆపించేసరికి 23 రోజులు పట్టింది. మా అమ్మ ఆ 23 రోజులూ ఒంటి పూటే తింది.

అందుకే రెండు మాటలు. ఈ-కోర్ట్స్ యాప్ ఫోన్లో వేసుకో. అప్పీలుకి నంబరు పడగానే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి రాసుకో. వాయిదా ఎప్పుడు, నిన్న ఏం జరిగింది, ఎవరినీ అడగక్కర్లేకుండా కనబడుతుంది. రెండోది, తీర్పు రోజున నాన్నగారి మందులు, డాక్టరు రాసిన కాగితం, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్ళండి. అశుభం పలుకుతున్నానని అనుకోకు. ఆ సంచి విప్పకుండానే ఇంటికి తిరిగి రావాలని కోరుకుంటున్నాను.

---

ఉద్దానం అమ్మాయి · డిసెంబరు 5, రాత్రి 8:50

అన్నయ్యా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఆ సంచి ఇప్పుడే సర్దుదామన్నారు. సర్దాను.

న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఒక అడ్వకేటు మేడమ్‌ని ఇచ్చారు. మొదటి రోజే గంటన్నర కూర్చోబెట్టి అడిగారు. నాన్నని పార ఎలా పట్టుకున్నారో చేత్తో చూపించమన్నారు. నాన్న లేచి నిలబడి, మేడమ్ టేబుల్ మీదున్న స్కేలు తీసుకుని చూపించారు. ఆయన చెయ్యి వణికింది. ఆరేళ్ళలో ఆయన్ని ఈ ప్రశ్న అడిగింది ఈవిడే.

అప్పీలు 2న వేశారు. నిలుపుదల పిటిషన్ నిన్న విన్నారు. శిక్ష ఆపేశారు, కొత్త బాండు, ఇద్దరు జామీనుదార్లు. ఈరోజు ఆ పని కూడా పూర్తయింది. ఆసుపత్రి రిజిస్టరు తెప్పించమని వేసిన పిటిషన్ మీద పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, జవాబు ఇవ్వాలట, జనవరికి వేశారు. సమాచార హక్కు అర్జీ కూడా పెట్టాను, రసీదు తీసుకున్నాను. కాపీల వెనక తారీఖులు మీరు చెప్పినట్టే ఉన్నాయి సార్, స్టాంపులు అడిగిన రోజే కట్టాను.

చిన్నాన్నతో మాటల్లేవు. నిన్న జామీను కోసం ఊళ్ళోవాళ్ళని అడగడానికి నాన్న వెళ్తుంటే ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారట. ఆ ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు, నేను చూశాను. నాన్న ఒక నిమిషం ఆగి, చెయ్యి ఎలా ఉందిరా అని అడిగారట. ఆయన బదులివ్వలేదు, లేచి లోపలికీ వెళ్ళలేదు. సర్వేయరుని పిలిచి హద్దు కొలిపిద్దామని, కొలత ఎటు వస్తే అటే ఒప్పుకుంటానని నాన్న అంటున్నారు. ఇది అప్పీలుకి అడ్డం వస్తుందా లాయరు గారూ?

---

నాగావళి ఒడ్డు · డిసెంబరు 5, రాత్రి 10:10

అడ్డం రాదు. కొలిపించండి. కానీ మీ నాన్నగారు చిన్నాన్న ఇంటికి ఒంటరిగా వెళ్ళవద్దు, సాక్షిని బెదిరించారన్న మాట రాకూడదు. పెద్దమనుషుల ద్వారా కబురు పంపండి. మండలంలో సర్వే కోసం పెట్టే అర్జీ మీద ఇద్దరూ సంతకం చేస్తే ఆ కాపీ మేడమ్‌కి ఇవ్వండి. జనవరి వాయిదా తారీఖు వచ్చాక ఇక్కడ రాయండి, ఆ రోజు నేను కోర్టులోనే ఉంటాను.